ఒంటి రెక్క ఓమ్ని

మొన్న మా హాల్లో సీలింగు ఫ్యానుకున్న మూడింట్లో ఒకటి వదులైంది. "ఏవండీ, ఫ్యానుది ఒకటి ఊగుతోంది, చూడండి" అంది మా ఆవిడ. ఏది ఊగుతోందో చెప్పదు. చెబితే నా మనసు నొచ్చుకుంటుందని ఆవిడ జాలి. మా ఇంట్లో 'రెక్క' అనే మాట వాడి ఆరేళ్ళు దాటింది. కోడికూర వండిన రోజున కూడా మా వాడు "అమ్మా, నాకు ఆ చెయ్యి ముక్క వెయ్యి" అంటాడు. కోడికి చెయ్యేమిట్రా అని ఎవరూ అడగరు.

ఇదంతా ఒక తలుపు వల్ల. ఆ కథ నేనే చెప్పుకుంటే నయం. మా బావమరిది చెబితే ఇంకో రెండు తలుపులు కలుస్తాయి.

మాది విజయవాడ, సత్యనారాయణపురంలో ఒక సందు. మా ఆవిడ పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. సరుకు మొయ్యడానికి 2004 మోడల్ మారుతీ ఓమ్ని ఒకటి, ఒకరు వాడిందే, కొనుక్కున్నాం. తెల్లది. 796 సీసీ, మూడు సిలిండర్లు. పొడవు మూడు మీటర్ల ముప్ఫై ఏడు సెంటీమీటర్లు, వెడల్పు మీటరూ నలభై ఒకటి. ముక్కు లేని బండి. డ్రైవరు మోకాళ్ళ ముందు ఒక రేకు, ఆ రేకు అవతల లోకం. ఇంజను మన సీటు కిందే కాబట్టి ఎండాకాలంలో తోలితే పెనం మీద అట్టుకి ఏమనిపిస్తుందో తెలుస్తుంది. అయితే దాని గొప్పంతా పక్కకి జారే తలుపుల్లో ఉంది. ఎంత ఇరుకు సందులోనైనా గోడకి ఆనించి ఆపి, తలుపు వెనక్కి తోసి సరుకు దించుకోవచ్చు. మన సినిమాల్లో కిడ్నాపర్లందరూ ఆ బండినే ఎందుకు వాడేవారనుకున్నారు? క్షణంలో తెరుచుకుని క్షణంలో మూసుకుంటుంది మరి.

బండికి అటొకటి ఇటొకటి రెండు తలుపులు. బండి వాకిట్లో ఉన్నప్పుడు కుడివైపు సామాన్ల గది, అందుకని కుడి తలుపు ఆవిడది. వీధిలో సరుకు దించేది నేను, అందుకని ఎడమ తలుపు నాది. ఈ పంపకం చేసింది నేనే. "నా తలుపు సంగతి నేను చూసుకుంటాను" అన్న మాట కూడా నాదే. దాన్ని గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

2017 వానాకాలంలో నా తలుపు మొరాయించడం మొదలుపెట్టింది. మొదట కిర్రుమంది. తర్వాత సగం దాకా వచ్చి, ఆగి, ఆలోచించుకునేది. దసరా నాటికి దాన్ని తెరవడానికో పద్ధతి కుదిరింది: ఎడమ చేత్తో పిడి పట్టుకుని, కుడి భుజంతో పొడిచి, కింద మడమతో తన్ని, పక్కింటి కుర్రాణ్ణి పిలవడం. తప్పు తలుపుది కాదు. అలాంటి తలుపు మూడు చక్రాల మీద నడుస్తుంది: పైనొకటి, కిందొకటి, నడుము దగ్గరొకటి. నడుము చక్రం బండి పక్కన బయటికి కనబడే గాడిలో పరిగెడుతుంది. కింది చక్రం గడప దగ్గర దాక్కున్న గాడిలో ఉంటుంది. లోకంలోని దుమ్మంతా చేరేది అక్కడికే. నెలకోసారి పాతగుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు నూనె వేస్తే చాలునని నాకు తెలుసు. తెలిసీ చెయ్యకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

"ఏవండీ, ఆ గాడి ఒకసారి చూడండి" అంది మా ఆవిడ. చూశాను. కనిపించింది. లోపలికొచ్చి కాఫీ తాగాను.

ఇలా ఉండగా ఒకరోజు రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఏవేవో చూస్తున్నాను. మెర్సిడెస్ బెంజి 300 ఎస్‌ఎల్ కనిపించింది. 1954లో న్యూయార్కు ప్రదర్శనలో పెట్టిన కారు. రెండు తలుపులూ పైకి లేచి, వాలబోతున్న కొంగలా ఉంది. లేచి కూర్చున్నాను. ఆ తలుపులు అలా ఎందుకు పెట్టారో చదివాను కూడా. బరువు తగ్గించడానికి సన్నటి ఉక్కు గొట్టాలతో పంజరంలా చట్రం కట్టారట. అది గట్టిగా నిలవాలంటే గొట్టాలు పక్కల్లో బాగా ఎత్తుగా రావాలి. వస్తే మామూలు తలుపుకి చోటు లేదు. చేసేది లేక బందుల్ని పైకప్పుకి బిగించి తలుపుని ఆకాశానికి తెరిచారు. ఆ గడప దాటి కూర్చోవడం ఎంత అవస్థంటే, కాళ్ళు పెట్టుకోవడానికి స్టీరింగుని కూడా వంచే ఏర్పాటు చెయ్యాల్సొచ్చింది. అంటే వాళ్ళు ఆ పని చేసింది గతి లేక. నేను చేసింది మతి లేక.

పొద్దున్నే చెప్పాను.

"ఎడమ తలుపు పైకి తెరుచుకునేలా మార్పిస్తాను."

"ఎందుకండీ?"

"రెక్కలా లేస్తుంది."

"లేచి?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అప్పుడు మాత్రం "నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాను. జవాబు లేనప్పుడు మగవాళ్ళం అనే మాట అది.

ఆటోనగర్ వెళ్ళాను. ఒట్టి చాసిస్, దాని మీద ఇంజను, చెక్కపెట్టె మీద కూర్చుని తోలుకొచ్చే డ్రైవరు, ఈ మూడూ లోపలికెళితే, క్యాబిన్ కట్టి, చెక్కలు దిగ్గొట్టి, పూలూ నెమళ్ళూ వేసి పూర్తి లారీని బయటికి పంపే చోటది. అక్కడ టింకరింగ్ మేస్త్రి ఒకాయన నా మాటలన్నీ విని, వంగి, కింది గాడిలో వేలు పెట్టి చూశాడు.

"సార్, ఇది కడిగి రోలర్లు మారిస్తే రెండు గంటల పని. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోవచ్చు."

"అది కాదు మేస్త్రీ, పైకి లేవాలి."

"టిఫిన్ బండ్లకి పెట్టాను సార్, పైకి లేచే రేకు. అలాంటిదా?"

గుండె చివుక్కుమంది. మెర్సిడెస్ ఎక్కడ, మినపట్టు ఎక్కడ! ఫోన్ తీసి బొమ్మ చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అదే సార్, టిఫిన్ బండి" అన్నాడు.

లెక్కలు నేనే వేశాను. చదివింది బీకాం అయినా ఆత్మవిశ్వాసం ఇంజనీరింగుది. తలుపు ఊడదీయించి మా ఆవిడ పచ్చళ్ళ కాటా మీద పెడితే పద్దెనిమిది కిలోలు తూగింది. బరువంతా మధ్యలో, అంటే బందుకి అర మీటరు దూరంలో వేలాడుతున్నట్టు లెక్క. దాన్ని పైకి తోసే రాడ్డు బందుకి పది సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కార్ల డిక్కీలకి ఉంటాయే, నత్రజని నింపిన గొట్టాలు, అవే. దూరం అయిదో వంతు కాబట్టి బలం అయిదింతలు కావాలి. ఏతం ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. పద్దెనిమిది అయిదులు తొంభై. రెండు రాడ్లూ కలిసి తొంభై కిలోలు ఎత్తినంత బలంగా తొయ్యాలి. ఈ సంగతి నేను ఆవకాయ రేట్ల కాగితం వెనక అరగంట గీసి తేల్చే లోపల మేస్త్రి తలుపుని ఒక్కసారి చేత్తో ఎత్తి దించి, "యాభైవి రెండు పట్రారా" అని కుర్రాడికి చెప్పేశాడు.

"తొంభై చాలుగా, నూరెందుకు?"

"మీ లెక్కలో రబ్బరు బీడింగు వెయ్యలేదు సార్. లాకు కూడా."

నేను లెక్కలో వెయ్యనివి ఇంకా ఉన్నాయి. ఓమ్ని పైకప్పు పల్చటి రేకు. తలుపు దానికి వేలాడితే తలుపు లేవదు, కప్పే దిగుతుంది. అందుకని ముందు స్తంభం నించి వెనక స్తంభం దాకా ఇనుప ఛానల్ వెల్డింగ్ చెయ్యాలి. తలుపు వంగకుండా దానికీ ఒక చట్రం కట్టాలి. చట్రంతో తలుపు ఇరవై ఆరు కిలోలైంది. మళ్ళీ రాడ్లు మార్చాం. రెండు గంటల పని పదకొండు రోజులు పట్టింది. అయిన ఖర్చు మా ఆవిడకి నేను చెప్పింది ఒకటి, మేస్త్రి చెప్పింది ఒకటి. ఈ రెండింటికీ తేడా ఆవిడ కాగితం పెన్సిలు లేకుండా తీసేసింది.

బండి ఇంటికొచ్చింది. కొబ్బరికాయ కొట్టాను. వీధివాళ్ళు పదిమంది చేరారు. గొళ్ళెం నొక్కాను. సుస్సుమంటూ తలుపు లేచింది. లేస్తూ లేస్తూ పక్కింటి గోడ మీద పెంచుకున్న తులసి కుండీని తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో దించింది.

ఇక్కడ ఒక విషయం నేను బొమ్మ చూసినంత శ్రద్ధగా చదవలేదు. 300 ఎస్‌ఎల్ తలుపు పైన ఒంపు తిరిగి పైకప్పు ముక్కని కూడా తనతో పట్టుకుపోతుంది. బందు కప్పు మధ్యకి జరిగి ఉంటుంది. అందుకే ఇరుకులో కూడా లేస్తుంది. మాది తిన్నటి బల్ల. బందు అంచున ఉంది. అది లేవాలంటే మీటరు పైచిలుకు సందులోకి అడ్డంగా రావాలి. ఇరుకు సందు కోసమే పుట్టిన తలుపుని తీసేసి, సందే పట్టని తలుపు పెట్టించాను.

పైగా ఓమ్ని ఎత్తు మీటరూ అరవై నాలుగు సెంటీమీటర్లు. తలుపు సగం లేచేసరికి దాని అంచు సరిగ్గా అయిదున్నర అడుగుల మనిషి నుదుటికి వస్తుంది. మొదటి వారంలో పాల అబ్బాయికి, గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనకి, రెండుసార్లు నాకు తగిలింది. మా అత్తగారు అయిదడుగులే కాబట్టి బతికిపోయారు. తనని పొట్టిగా పుట్టించిన దేవుడికి ఆవిడ ఆ రోజే మొదటిసారి దండం పెట్టుకున్నారు.

ఇక లేచిన తలుపుని దించడం. పూర్తిగా లేస్తే దాని అంచు ఎక్కడో కొబ్బరిచెట్టుతో కబుర్లు చెబుతుంది. మా ఆవిడకి అందదు. పాత మంచం నవారు రెండు మూరలు కోసి వేలాడదీశాను. "డెలోరియన్‌కి కూడా ఇలా లాగే పట్టీ ఉంటుంది తెలుసా" అన్నాను. 1981లో వచ్చిన కారు అది, సినిమాలో కాలంలో వెనక్కి వెళ్తుందే, అది. దాని తలుపుల్ని లేపే ఉక్కు కడ్డీల్ని గడ్డకట్టించే చలిలో ఉంచి మెలితిప్పి తయారుచేసింది గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ. చంద్రుడి మీద మనుషుల్ని దించిన వాహనం కట్టింది కూడా ఆ కంపెనీయే. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మా ఆవిడ నవారు పట్టుకుని, రెండు కాళ్ళూ నేల మీంచి లేచేలా వేలాడుతూ, "వాళ్ళావిడలు కూడా ఇలాగే వేలాడతారా అండీ?" అని అడిగింది.

ఆ రాడ్లలో ఉన్నది గ్యాసు. గ్యాసు ఎండకి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున పీడనం మారుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీలు, మే నెలలో ఎండలో నిలబెట్టిన బండిలో నలభై ఎనిమిది అనుకుంటే బలంలో పదో వంతు తేడా. మామూలు డిక్కీకి అదేమంత లెక్క కాదు. అయ్యా, మాది బొటాబొటీ లెక్క. జనవరిలో గుడికెళ్ళడానికి తలుపు ఎత్తితే, ఎత్తిన చోట ఉండక పెద్దమనిషి కునికిపాట్లు పడ్డట్టు మెల్లగా మెడ మీద వాలేది. మా వాడు గొడుగు కర్రతో పోటు పెడితే మేం వంగి వంగి ఎక్కేవాళ్ళం.

మే నెలలో వేరే నాటకం. 2018లో ఆవకాయ ఆర్డర్లు. వెనక సీటు తీసేసి డజను జాడీలు తాళ్ళతో కట్టి బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం. బెంజి సర్కిల్ దగ్గరకొస్తుంటే గతుకులో బండి ఎగిరిపడింది, గొళ్ళెం ఊడింది. గ్యాసు తలుపుకో గాంభీర్యం ఉంటుంది, దడాలున లేవదు. సుస్స్... అంటూ, తొందరేం లేనట్టు, అటూ ఇటూ ఆగిన బస్సులవాళ్ళూ స్కూటర్లవాళ్ళూ తలలు తిప్పి చూసేంత తీరిగ్గా లేచింది. లేచి నిలబడింది. వెనక ఆటో అతను "సార్, మీ బండి ఎగిరిపోతోంది!" అని కేకేశాడు. జాడీలు పదిలంగానే ఉన్నాయి. ఊరంతా ఆవాల ఘాటు. బండి ఆపాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ నడిచొచ్చి తలుపుని కింద నించి పై దాకా చూశాడు.

"ఎడమకి తిరుగుతున్నామని సిగ్నలా సార్ ఇది?"

మెర్సిడెస్ బెంజి వాళ్ళు న్యూయార్కులో చూపించిన విద్యని అరవై నాలుగేళ్ళ తర్వాత నేను బెంజి సర్కిల్లో చూపించాను. పేరొక్కటే కలిసింది. మా ఆవిడ దిగి, నవారు పట్టుకుని వేలాడి, తలుపు దించి, ఎక్కి కూర్చుంది. ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. అదే భయం.

వానల గురించి ఎక్కువ చెప్పను. పైకప్పు అంచున నీళ్ళు పక్కకి పోయేలా కంపెనీవాళ్ళిచ్చిన సన్నటి కాలవని మేం బందుల కోసం కోసేశాం. ఆ నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా. మా అత్తగారు ఒళ్ళో తపేలా పెట్టుకుని ప్రయాణం చేసేవారు.

2019లో బండికి పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషను పొడిగించాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. ఆయన చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు ఆగాడు. నేను ఉత్సాహంగా గొళ్ళెం నొక్కాను. ఆయన రెండడుగులు వెనక్కేశాడు. తెలివైనవాడు, నుదురు దక్కింది.

"ఏమిటండీ ఇది?"

"రెక్క తలుపండీ."

ఆయన తిట్టలేదు. నిదానంగా పాఠం చెప్పాడు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా ఆ యేడు జనవరిలోనే ఆ మాట గట్టిగా చెప్పింది. చట్టానికి కొత్త సవరణ కూడా వస్తోంది, ఇక మీదట ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూనట. "పాతది పెట్టించుకుని రండి, చూస్తాను" అని పంపేశాడు. ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ, "ఒక్కో మార్పుకా? పోనీలెండి, ఒక తలుపుతో ఆపారు, 5,000 మిగిల్చారు" అంది. మా సంసారంలో నేను మిగిల్చిన మొత్తం అదొక్కటే.

మళ్ళీ ఆటోనగర్. మళ్ళీ ఆ మేస్త్రే. ఆయన నవ్వలేదు, అందుకు ఆయనకి రుణపడి ఉంటాను. పాత తలుపు చక్రాల చేతులు ఎప్పుడో కోసేశాం కాబట్టి అది పనికి రాదు. పాత సామాన్ల కొట్లలో వెతికితే ఒక తుక్కు ఓమ్నిది దొరికింది. నీలం రంగుది. దాన్ని ఎక్కించే ముందు కింది గాడి శుభ్రం చెయ్యాలి. మేస్త్రి స్క్రూడ్రైవర్ పెట్టి లోపల గట్టిపడిన దాన్ని పెళ్ళగించాడు. దుమ్ము, ఆవపిండి, నువ్వుల నూనె కలిసి జీడిలా నల్లగా బిగుసుకున్న ముద్ద. దాన్ని నేల మీద కొట్టి పగలగొడితే మధ్యలో ఒక మామిడి టెంక ముక్క. ఎప్పుడో జాడీలోంచి జారిన ఆవకాయ ముక్క, కండ పోయి పెంకు మిగిలింది. చక్రం వచ్చి వచ్చి దాని దగ్గర ఆగేది. మేస్త్రి దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో చూసుకున్నాను. చిన్న ముక్క, అంతే.

ఇంటికొచ్చాక మా ఆవిణ్ణి అడిగాను, అడక్కుండా ఉంటే బాగుండేది.

"రెండు తలుపులూ ఒకే వయసువి. కుడిది ఇన్నేళ్ళూ వెన్నలా ఎలా జారుతోంది?"

"కుట్టుమిషనుకి నూనె వేసినప్పుడల్లా దానికీ నాలుగు చుక్కలు వేస్తానండీ."

"మరి ఎడమదానికెందుకు వెయ్యలేదు?"

"అది మీదన్నారుగా."

ఆ యేడే ఓమ్ని తయారీ ఆపేశారు. నా తలుపు చూసే ఆపేశారని మా బావమరిది పెళ్ళిళ్ళలో చెబుతుంటాడు. బండి మాత్రం ఇంకా నడుస్తోంది. తెల్లబండికి ఒక నీలం తలుపు. పచ్చళ్ళ కోసం ఫోన్ చేసేవాళ్ళకి ఇంటి గుర్తు చెప్పడానికి బాగానే పనికొస్తోంది. రెక్క తలుపు డాబా మీద నాలుగు ఇటుకల మీద పడుకుని ఉంది. మధ్యాహ్నానికి బాగా వేడెక్కుతుందని దాని మీద మా ఆవిడ గుమ్మడి వడియాలు పెడుతుంది. రెండో రోజుకే ఎండుతున్నాయి. మా ఇంట్లో అది అక్కరకొచ్చిన పని అదొక్కటే.

అటక మీద డిక్కీ రాడ్లు రెండున్నాయి. బొత్తిగా కొత్తవి కాకపోయినా గ్యాసు పోలేదు. మంచం కింద పెట్టెకో, టిఫిన్ బండికో కావాలంటే వచ్చి ఊరికే పట్టుకెళ్ళండి. నీలం తలుపున్న బండి కనిపించిన ఇల్లే. కాఫీ ఇస్తాం, కొత్తావకాయ రుచి చూపిస్తాం. మా ఆవిడ ముందు మాత్రం తలుపు మాట ఎత్తకండి.